సగంలో ఆగిన కాంటెస్సా

మా నారాయణఖేడ్ వైపు ఒకప్పుడు కారును దాని కంపెనీ పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. డాక్టరు కారు, కాంట్రాక్టరు కారు, ఎమ్మెల్యే కారు. బండి ఎవరిదో తెలిస్తే చాలు, ఏ బండో ఎవరికీ పట్టేది కాదు. సొంత పేరుతో పిలిపించుకున్న కారు నాకు తెలిసి ఒక్కటే: బోరంచ పటేల్ కాంటెస్సా. పటేల్ పేరు, ఇంటిపేరు ఇక్కడ రాయడం లేదు. ఆ కుటుంబం ఇప్పటికీ ఊళ్లోనే ఉంది. బేరంలో ఎవరు ఎంతకు దిగారో పదిమందికీ తెలియడం ఏ ఇంటికీ ఇష్టముండదు.

నేను మనూరు మండలంలో టీచరుగా చేరిన కొత్తలో, తొంభైల మొదట్లో, ఆ కారును బోరంచలోనే నల్లపోచమ్మ గుడి దగ్గర చూశాను. మంజీర ఒడ్డున ఉన్న ఆ గుడికి బీదర్ నుంచి, జహీరాబాద్ నుంచి, పట్నం నుంచి జనం వస్తారు. ట్రాక్టర్ ట్రాలీల్లోంచి బోనాలు, మేకపోతులు, వంటచెరకు, పిల్లలు అన్నీ కలిసే దిగుతాయి. ఆ రద్దీలో ఒక చెట్టు నీడన పొడవాటి ముక్కున్న కారు. మీగడ రంగు. ముందర అటు రెండు, ఇటు రెండు గుండ్రటి లైట్లు. అంబాసిడర్ కన్నా జానెడు పైనే పొడవు, దానికన్నా బాగా కిందికి కూచున్నట్టు ఉంది. పిల్లలు చుట్టూ తిరుగుతున్నారు గానీ ఎవరూ చెయ్యి వెయ్యడం లేదు. పటేల్ పక్కనే బీడీ కాలుస్తూ అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఒకే మాట చెబుతున్నాడు: "బీదర్ల మా బామ్మర్ది ఇప్పించిండు. బొంబాయి సేట్ల దగ్గర గూడ గిసొంటిదే ఉంటది."

అది గొప్పల కోసం చెప్పిన మాటేగానీ అబద్ధం కాదు. అంబాసిడర్లు, ఫియట్‌లు, 1983 డిసెంబరులో వచ్చిన చిన్న మారుతి 800 తిరుగుతున్న రోడ్ల మీదికి హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు 1984లో ఉత్తరపారా ఫ్యాక్టరీ నుంచి కాంటెస్సాను దించారు. దాని ఒళ్లు ఇంగ్లండులోని వాక్స్‌హాల్ వాళ్లు డెబ్బైల్లో అమ్మి మానేసిన మోడల్‌ది. ఆ అచ్చులు ఇక్కడికి తెచ్చుకున్నారు. చూపుకు అంత దర్జా ఉన్నా మొదట్లో బానెట్ కింద ఉన్నది అంబాసిడర్‌లో ఉన్న 1489 సీసీ ఇంజినే, బలం 50 హార్స్‌పవర్‌కు అటూ ఇటూ. మూతెత్తి చూస్తే తప్ప ఆ సంగతి తెలియదు. తర్వాత జపాన్ ఇసుజు వాళ్ల 1817 సీసీ పెట్రోల్ ఇంజిను, ఐదు గేర్ల పెట్టె వచ్చాక బండి దాని రూపానికి తగ్గట్టు నడిచింది. బోరంచకు వచ్చింది ఆ రెండో రకం. కర్ణాటక రిజిస్ట్రేషన్, కేఏ 38, అంటే బీదర్.

మా రేగడి మాత్రం దాని దర్జాను లెక్క చెయ్యలేదు. బోరంచ నేల నల్లరేగడి. కంది, పత్తి, జొన్న బాగా పండుతాయి, వానాకాలం మనిషి చెప్పులు వదిలేసి నడవాలి. కాంటెస్సాకు వెనుక చక్రాలు తిరుగుతాయి, బరువంతా ముందుంటుంది, కడుపు నేలకు దగ్గర. ఒక వాన పడితే చాలు, వెనుక భాగం పక్కకు జారి బురదలో కూచునేది. పటేల్ లోపలే కూచుని స్టీరింగ్ పట్టుకునేవాడు, జీతగాడు ఎద్దులు తోలుకొచ్చి కట్టేవాడు. ఎద్దులు లాగుతున్నా అద్దం దించి "నిమ్మళంగ, నిమ్మళంగ" అని కేకలు. ఎద్దుల మీద జాలితో కాదు, బంపరు మీద ప్రేమతో.

ఆ కారులో ఎన్ని పెళ్లిళ్లు జరిగాయో చెప్పలేను. మనూరు, నాగల్‌గిద్ద, కంగ్టి దాకా పెళ్లికొడుకు ఊరేగింపంటే పటేల్ ఇంటికి కబురొచ్చేది. కిరాయి తీసుకునేవాడు కాదు, పెట్రోల్ మాత్రం పోయించుకునేవాడు. తర్వాత అదీ భారమైంది. లీటరుకు ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్లు కూడా రాని బండి, చెరుకు బిల్లు ఎప్పుడొస్తుందో తెలియని రైతు. తొంభైల చివర బీదర్‌లో పెట్రోల్ ఇంజిను తీయించి డీజిల్ ఇంజిను పెట్టించాడు. అప్పట్లో చాలా కాంటెస్సాలకు పట్టిన గతే ఇది. తీసిన ఇంజిను అక్కడే అమ్మేశాడు. ఆర్సీ పుస్తకంలో మాత్రం పాత ఇంజిను నంబరే ఉండిపోయింది. ఆ పుస్తకం మీద పేరు కూడా పటేల్‌ది కాదు, బామ్మర్దిది. సరిహద్దు ఊళ్లలో ఇవన్నీ ఎవరు అడిగారు గనక! ఈ రెండు సంగతులూ పాతికేళ్ల తర్వాత బేరం మధ్యలోకొచ్చి కూచుంటాయని మాకెవరికీ తోచలేదు.

2006లో బండికి 15 ఏళ్లు నిండాయి. రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించాలంటే బండిని ఇన్‌స్పెక్టరు ముందు నిలబెట్టాలి, లోపల వేరే ఇంజిను. అప్పటికే వాకిట్లోకి బొలెరో వచ్చింది. కాంటెస్సాను బర్ల కొట్టంలోకి తోశారు. పైన రేకులున్నాయి గానీ పక్కలకు గోడలేదు. కోళ్లు వెనుక సీటు ఎక్కాయి. బర్ల మూత్రం తగిలితే ఇనుము ఎంత త్వరగా పోతుందో పట్నంలో పెరిగినవాళ్లకు తెలియదు. ఎడమవైపు బర్ల దిక్కు, కుడివైపు గడ్డివాము దిక్కు. ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

పటేల్ కొడుకు మా బడిలో పదో తరగతి దాకా చదివి, పట్నంలో ఇంజినీరింగ్ చేసి అక్కడే ఉద్యోగంలో చేరాడు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే భార్యతో ఊరికొచ్చాడు. పొద్దున ఇంటర్నెట్ కోసం మిద్దె ఎక్కి పని, సాయంత్రం కొట్టంలో కాంటెస్సా. నేను రిటైరై ఖాళీగానే ఉన్నాను. మూతికి గుడ్డ కట్టుకుని అప్పుడప్పుడు పోయి కూచునేవాణ్ని. అతను ఫోన్లో పాత కార్లను మళ్లీ లేపిన వీడియోలు చూసీ చూసీ ఉన్నాడు. "సార్, ఇది మన దేశపు మజిల్ కారు. అమెరికాల అయితే ఇట్ల కొట్టంల దొరికిన బండ్లకు వేలంపాటలు పెడుతరు" అన్నాడు.

మజిల్ కారు అన్న మాట నేను వినడం అదే మొదటిసారి. దాన్ని విడమరిచి చెప్పింది డాలస్‌లో ఉన్న పటేల్ అల్లుడు. ఆదివారం వీడియో కాల్‌లో మామకు, ఆయన కొడుక్కి, మధ్యలో నాకు కలిపి పాఠం చెప్పాడు. 1964లో పాంటియాక్ కంపెనీ మామూలు సైజు కారులో పెద్ద కారు ఇంజిను దూర్చి జీటీవో అని అమ్మిందట. ఎనిమిది సిలిండర్లు, 6.4 లీటర్లు, 325 హార్స్‌పవర్. కుర్రకారు ఎగబడి కొన్నారు. ఫోర్డ్, డాడ్జ్, ప్లిమత్, షెవర్లే అందరూ ఆ దారే పట్టారు. ఇన్సూరెన్సు రేట్లు పెరిగి, పొగ మీద చట్టాలొచ్చి, 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపేసరికి ఆ సంబరం ముగిసింది. "మామయ్యా, మీ కారు వాళ్లకు చుట్టమే. పాంటియాక్ జనరల్ మోటార్స్‌ది. వాక్స్‌హాల్‌ను జనరల్ మోటార్స్ 1925లోనే కొన్నది. ఇసుజులో కూడా 1971 నుంచి వాళ్లకు వాటా ఉండె. ఒళ్లు వాళ్లదే, ఇంజిన్ల గూడ వాళ్ల పాలుంది" అన్నాడు అల్లుడు.

పటేల్ అంతా విని ఒక్కటే అడిగాడు: "ఎంత మైలేజీ ఇస్తది అల్లుడా, ఆ బండి?"

"ఐదారు దాటదు మామయ్యా."

"అయితే అది గూడ కొట్టంలనే ఉంటది తీ."

కొడుకు మాత్రం వెనక్కి తగ్గలేదు. రాకపోకలు మొదలయ్యాక బీదర్ నుంచి ఒక ఉస్తాద్‌ను పిలిపించాడు. అరవై దాటిన మనిషి, కాంటెస్సాలు, అంబాసిడర్లు చూసిన చెయ్యి. డీజిల్ ఇంజిను దింపేశారు. దాని స్థానంలో ఇసుజు పెట్రోల్ ఇంజినే కావాలని పిల్లవాడి పట్టు. ఇది అనుకున్నంత కష్టం కాలేదు, ఎందుకంటే అదే 1817 సీసీ ఇంజినును హిందుస్థాన్ మోటార్స్ తర్వాత అంబాసిడర్‌లో కూడా పెట్టింది. తుక్కుకు పోయిన అంబాసిడర్ ఇంజినొకటి పట్నంలో దొరికింది. బోరు చేయించి, పిస్టన్లు మార్చి, కార్బొరేటర్ కడిగి కూచోబెట్టారు. కష్టమంతా రేకు దగ్గర, అద్దాల దగ్గర, లైట్ల దగ్గర వచ్చింది. రాణిగంజ్ దుకాణాలన్నీ అడిగాడు. జుమ్మెరాత్ బజార్ తిరిగాడు. కలకత్తా మల్లిక్ బజార్‌లో ఉండొచ్చని ఎవరో చెబితే అక్కడ తెలిసినవాళ్ల ద్వారా ముందు గ్రిల్లు, ఒక లైటు తెప్పించాడు. ఇంజిను పని ఎవరికీ కనపడదు, గ్రిల్లు వచ్చిన రోజు ఊరంతా వచ్చి చూశారు.

అక్కడే లెక్క తప్పింది. అద్దె కొంపలు, ఉద్యోగాలు మళ్లీ పట్నం పిలిచే వేళయింది. వెళ్లేలోగా బండి ఒక రూపానికి రావాలని కొడుకు తొందర. కుడివైపు టింకరింగ్, లప్పం, రెడ్ ఆక్సైడ్, పైన ముదురు ఎరుపు రంగు కొట్టించాడు. అమెరికా బండ్ల మీద చూసిన నల్లచార కూడా బానెట్ మీద గీయించాడు. ఉస్తాద్ "ముందు కింది రేకు, వైరింగ్ చేద్దాం, రంగు ఆఖరుకు" అని నా ముందే రెండు మూడుసార్లు చెప్పాడు. ఫోటోలో కింది రేకు కనపడదు కదా. ఎడమవైపు, లోపలి సీట్లు, వైర్లు, అద్దాల బీడింగ్ మిగిలిపోయాయి. ఆ తర్వాత వాళ్లకు పాప పుట్టింది, పట్నంలో ఫ్లాటు తీసుకున్నారు, నెలనెలా బ్యాంకు కిస్తీ. 2022 మొదట్లో అతను నాకు ఫోన్ చేశాడు: "సార్, బండి అమ్మేద్దమనుకుంటున్న. ఎవరన్న వస్తే జెర మీరు గూడ నాయిన పక్కకుండుండ్రి."

అమ్మకానికి పెట్టిన ఫోటోలు చూశాను. అన్నీ కుడివైపు నుంచే. పొద్దెక్కుతుండగా మంజీర వైపు కాస్త వాలుగా నిలబెట్టి తీసినవి. సినిమా పోస్టరులా ఉంది బండి. ఐదు లక్షలు అడిగాడు. మూడున్నర దాకా పెట్టానని అతని లెక్క, మిగతాది మోజుకు.

వచ్చినవాళ్లలో రకరకాలు. రాగానే బానెట్ మీద చెయ్యి వేసి సెల్ఫీ దిగి పోయినవాళ్లే ఎక్కువ. ఒకాయన పెళ్లిళ్లకు కిరాయికి తిప్పుతానన్నాడు, లీటరు పెట్రోల్ ఎన్ని కిలోమీటర్లో విని చాయ్ తాగి వెళ్లిపోయాడు. ఒక కుర్రాడు ఎనిమిది సిలిండర్ల ఇంజిను దూర్చొచ్చా అని అడిగాడు. ఉస్తాద్ పక్కనే ఉన్నాడు, నవ్వాపుకోలేక లేచి బయటికి పోయాడు. ఎడమవైపు చూసిన ప్రతివాడి మొహం ఒకేలా మారేది. నిజం చెప్పాలంటే పటేల్‌కు ఈ రాకపోకలు నచ్చాయి. పదిహేనేళ్ల తర్వాత మళ్లీ వాకిట్లో కాంటెస్సా గురించి మాట్లాడే మనుషులు దొరికారు.

అసలు మనిషి మార్చి నెలలో వచ్చాడు. పట్నంలో బ్యాంకు ఉద్యోగి, నలభై ఏళ్లుంటాయి. తండ్రికి ఒకప్పుడు కాంటెస్సా ఉండేదట. వెంట ఒక పెద్దాయనను తెచ్చుకున్నాడు. ఆయన జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్ ఫ్యాక్టరీ పెట్టిన కొత్తలో చేరి, అది మహీంద్రా చేతికి పోయాక కూడా చాన్నాళ్లు అక్కడే పని చేసి రిటైరైన మనిషి. ఆ పెద్దాయన బానెట్ ఎత్తమనలేదు. చెప్పులు విడిచి కారు వెనుక నేల మీద కూచుని, ఒక కన్ను మూసి కుడిపక్క పొడుగునా చూశాడు. ఎండ ఆ ఎర్రరంగు మీద సాఫీగా జారాలి. వెనుక చక్రం పైన నీళ్ల మీద అల లేచినట్టు వంకర తిరిగింది. లేచి తలుపులు ఒక్కొక్కటి మెల్లగా వేసి తీశాడు, తలుపుకు గడపకు మధ్య సందు పైన ఎంత, కింద ఎంత అని వేలు పెట్టి చూశాడు. జేబులోంచి అయస్కాంతం తీసి దస్తీలో చుట్టి, రంగు గీసుకుపోకుండా రేకు మీద ఆనించుకుంటూ పోయాడు. ముందు తలుపు మీద గట్టిగా పట్టుకుంది. వెనుక తలుపు కింద వదులుగా. చక్రం పైన కమాను దగ్గర దస్తీతో సహా కిందపడింది.

"లప్పమే. రేకు లేదు" అన్నాడు, తిట్టినట్టు కాదు, పొలంలో తేమ ఎంతుందో చెప్పినట్టు.

తర్వాత ముందు సీటు కింద రబ్బరు చాప ఎత్తాడు. కింద కొత్త రేకు మెరుస్తోంది. గోరుతో అంచు వెంట గీరాడు. వెల్డింగ్ లేదు, రివిట్లు. దాని కింద పాత రేకు జంగు పట్టి పొరలు పొరలుగా ఉంది. డిక్కీలో స్టెప్నీ గుంతలో చెయ్యి పెడితే వేళ్లు బయటికొచ్చాయి. కొడుకు మొహం చూడలేకపోయాను. పెద్దాయన అప్పుడు ఎడమవైపు వచ్చాడు. మేమంతా సిగ్గుపడే పక్క అది. మీగడ రంగు పెచ్చులు, బొత్తిగా పోయిన అంచులు, తలుపు కింద జల్లెడ. అక్కడ మాత్రం చాలాసేపు నిలబడి, స్క్రూడ్రైవర్ కొనతో పొడుస్తూ పోయి, "ఇది మంచిగుంది" అన్నాడు.

పటేల్ నవ్వాడు. "గిది మంచిగుందా? బర్లు గోకిన పక్క గిది!"

"పటేలా, ఈడ ఎంత పోయిందో కండ్లకు కనవడుతది. ఎంత కొయ్యాలె, ఎంత రేకు అతకాలె అని నేను ఇప్పుడే చెప్పగల్త. ఆ పక్క మళ్ల అంత గీకితే గాని తెల్వదు. మీ పోరడు పెట్టిన పైసలు తియ్యనీకె మేము మళ్ల పైసలు పెట్టాలె."

ఆ మాట నాకు అప్పటికప్పుడే సరైందనిపించింది, ఇప్పటికీ అదే అంటాను. సగం లేపిన బండి కన్నా చెయ్యి పడని బండి నయం. తుప్పుకు దాపరికం లేదు. దాని మీద లప్పం పెట్టినవాడికి కూడా కింద ఏముందో కొన్నాళ్లకు గుర్తుండదు. కొనేవాడు రంగుకు డబ్బివ్వడు, ఆ రంగు గీకించే ఖర్చును బేరంలోంచి కోస్తాడు. ఎడమవైపు ఊరికే వదిలేసి, అదే డబ్బు కింది రేకు మీద పెట్టి ఉంటే ఆ రోజు బేరం ఇంకో లక్ష పైన తెగేది. పెద్దాయన కూడా వెళ్లేటప్పుడు ఆ మాటే అన్నాడు.

ఉస్తాద్‌ను తప్పుపట్టడానికి లేదు. ఆ పూట అక్కడే ఉన్నాడు. పెద్దాయన అతని దగ్గరికి పోయి కూచుని చాయ్ తాగుతూ దక్కనీలో మాట్లాడుకున్నారు. రివిట్లు తాత్కాలికంగా వేసినవేనని, తర్వాత వెల్డింగ్ చేద్దామనుకున్నానని, పని మధ్యలో ఆగిపోయిందని చెప్పాడు. ఇంజిను మాత్రం చూడమన్నాడు. వైరింగ్ లేదు కాబట్టి బయట బ్యాటరీ పెట్టి నేరుగా వైర్లు తగిలించి, సీసాలో పెట్రోలు పైకి కట్టి పైపు ఇచ్చాడు. రెండోసారికి అందుకుంది. కొట్టంలో బర్లు బెదిరి లేచి నిలబడ్డాయి. పెద్దాయన సైలెన్సర్ దగ్గర అరచెయ్యి పెట్టి చూసుకున్నాడు, నూనె మరక లేదు, నీలిపొగ లేదు. చాలాసేపు విని ఉస్తాద్ వైపు చూసి తలూపాడు. ఉస్తాద్‌కు ఆ ఒక్క తలూపుడు చాలనిపించింది నాకు. ఆ తర్వాత బేరంలో అతను ఒక్క మాటా కలగజేసుకోలేదు.

బేరం అరుగు మీద. కొడుకు ఐదు నుంచి నాలుగుకు దిగాడు, బిల్లులన్నీ ఫోన్లో చూపిస్తున్నాడు. కొనేవాడు ఒక కాగితం మీద చెయ్యాల్సినవి రాసుకున్నాడు: కింది రేకు, రెండు పక్కలా టింకరింగ్, వైరింగ్, సీట్లు, ముందు అద్దం బీడింగ్, వెనుక ఎడమ తలుపు చిన్న అద్దం, రంగు. అన్నీ కూడి అడుగున గీత గీసి లక్షన్నర అన్నాడు. కొడుకు గొంతు పెరిగింది. నేను ఏదో సర్దబోయేలోపే పటేల్ అందుకున్నాడు.

"ఖర్చు ఎవని కోసం పెట్టినవ్‌రా? నీ సంబురం కోసం పెట్టినవ్. ఆ సంబురం నువ్వు అనుభవించినవ్. దానికి ఆయనెందుకు పైసలియ్యాలె?"

అంత సూటిగా తేల్చిన మాట నేను ఏ పంచాయితీలోనూ వినలేదు. కొడుకు కాసేపు నేల చూసి, "మీరే చెప్పుండ్రి సార్" అన్నాడు నాతో. లక్షా తొంభై వేలకు తెగింది.

తెగాక అసలు చిక్కు మొదలైంది. ఆర్సీ పుస్తకం ఇనుప పెట్టెలోంచి తెచ్చారు. పేరు బీదర్ బామ్మర్దిది. గడువు 2006. ఇంజిను నంబరు, మొట్టమొదటి ఇంజినుది. ఇప్పుడున్నది మూడోది. అల్లుడు డాలస్ నుంచి నవ్వాడు. అమెరికాలో పాత మజిల్ కారు కొనేవాళ్లు ముందు వంగి చూసేది ఇంజిను మీద గుద్దిన నంబరేనట, ఫ్యాక్టరీలో పెట్టిన ఇంజినే ఉంటే రేటు ఎక్కడికో పోతుందట. మా దగ్గర మోజు కోసం కాదు, ఆర్టీఏ కోసం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఇంజిను మార్చితే ఆఫీసులో చెప్పి ఆర్సీలో ఎక్కించుకోవాలి. ఎక్కించాలంటే ఆ ఇంజిను ఎక్కడిదో బిల్లు చూపాలి. పట్నం తుక్కు దుకాణంవాడు ఇచ్చింది సిగరెట్ పెట్టె అట్టముక్క మీద రాసిన అంకె. కొడుకు మళ్లీ పోయి, బతిమాలి, ఆ అంబాసిడర్‌ను తుక్కుకు వేసిన కాగితాలతో సహా బిల్లు రాయించుకొచ్చాడు. ఈ ఒక్క పని అతను ఏ వంకా పెట్టకుండా చేశాడు, మెచ్చుకోవాలి.

పైగా నెలాఖరు ముంచుకొస్తోంది. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ కొనసాగించే ఫీజు అప్పటిదాకా 600 రూపాయలు. 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 చేశారు. ఆలస్యానికి నెలకు 500 వేరే. తొందరపడదామంటే బండి ఇన్‌స్పెక్టరు ముందు నడవాలి, లైట్లు వెలగాలి, హారన్ మోగాలి. వైరింగే లేని బండికి హారన్ ఎక్కడిది? యాభై ఏళ్లు దాటిన బండ్లకు 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ అని వేరే ఏర్పాటు తెచ్చారు గానీ, కాంటెస్సా పుట్టిందే 1984లో. ఆ వరుసలో నిలబడాలంటే మొట్టమొదటి కాంటెస్సా కూడా 2034 దాకా ఆగాలి. మొత్తానికి మార్చి దాటిపోయింది.

ఒప్పంద పత్రం నా చేత్తోనే రాశాను. సగం పైకం బండి ఎత్తుకుపోయే రోజు, మిగతా సగం బీదర్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ కొనసాగింపు, ఇంజిను నమోదు అయి, తెలంగాణకు ఎన్‌ఓసీ చేతికొచ్చాక. 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలకు బామ్మర్ది బీదర్ నుంచి తన కొడుకు బైకు మీద వచ్చాడు. ఎనభై దగ్గరపడిన మనిషి. కారు చూసి, "ఇది నా పేరు మీదనే ఉన్నదా ఇంక!" అన్నాడు. ఆ మధ్య కాలంలో ఆ బండి ఎవరినైనా గుద్ది ఉంటే సమన్లు తన ఇంటికే వచ్చేవని ఎవరూ ఆయనకు చెప్పలేదు, మేమూ చెప్పలేదు. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకున్నారు. అక్షరాలన్నీ చక్కగా పడ్డాయి. ఆ ఒక్కచోట జంగు లేదు.

ఏప్రిల్‌లో పట్నం నుంచి లారీ వచ్చి కాంటెస్సాను ఎక్కించుకుపోయింది. కాగితాలు పూర్తవడానికి ఏడాది పైనే పట్టింది, మిగతా సగం పైకం అప్పుడే వచ్చింది. ఈలోగా జూన్‌లో ఒక వార్త: హిందుస్థాన్ మోటార్స్ కాంటెస్సా పేరును ఎస్‌జీ కార్పొరేట్ మొబిలిటీ అనే కంపెనీకి ఇచ్చేసిందని. అంబాసిడర్ పేరును అంతకుముందే, 2017లో, ఫ్రాన్సు ప్యూజో వాళ్లు 80 కోట్లకు కొన్నారు. ఆ రోజు కొడుకు ఫోన్ చేసి, "సార్, కొత్త కాంటెస్సా వస్తదేమో, పాతదానికి రేటు పెరుగుతుండెనేమో" అన్నాడు. పేరుకు రేటు వస్తుందిగానీ, స్టెప్నీ గుంతలో చిల్లికి రాదన్నాను.

కొనుక్కున్నాయన కుడివైపు రంగంతా గీకించాడు. పెద్దాయన చెప్పినట్టే చక్రం మీది కమాను సగం లప్పమే. కింది రేకు మొత్తం కోసి కొత్తది వెల్డింగ్ చేయించాడు. నల్లచార లేదు, మళ్లీ మీగడ రంగే వేయిస్తానంటున్నాడు. ఇంజినుకు మాత్రం ఇప్పటిదాకా చెయ్యి పెట్టాల్సిన పని పడలేదట. ఉస్తాద్‌కు ఈ మాట ఫోన్లో చెప్పాను.

దొరకనిది ఒక్కటే, వెనుక ఎడమ తలుపు చిన్న అద్దం. నారాయణఖేడ్, జహీరాబాద్, బీదర్ వైపు ఎవరి దొడ్లోనైనా పాత కాంటెస్సా తలుపు పడి ఉంటే పాత ఇనుము బండికి తూకానికి వెయ్యకండి, ఏ పాత కార్ల మెకానిక్‌కు చెప్పినా కొనేవాళ్లు వెతుక్కుంటూ వస్తారు. బండే ఉంటే, రంగు డబ్బా కొనే ముందు ఆర్సీ పుస్తకం తీసి దాని మీద ఎవరి పేరుందో, గడువు ఏ ఏటి దాకా ఉందో, ఇంజిను నంబరు కలుస్తుందో చూసుకోండి.